పోపుల డబ్బాలో దినుసు, సీసాలో మందు

మూలికల గురించి, సుగంధ ద్రవ్యాల గురించి అడగాలనుకున్నవి రాయమని పోయిన నెల అన్నాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందులో సగం చివరికి ఒకే చోట ఆగుతున్నాయి: "సహజమైనదే కదా డాక్టరు గారూ, నష్టం ఏముంటుంది?" అని. ఉమ్మెత్త కాయా సహజమే, ముష్టి గింజా సహజమే. రెండూ మా ఆయుర్వేదంలో ఉన్నవే, శుద్ధి చేయకుండా ఏ వైద్యుడూ వాటి జోలికి పోడు. నేను చదివింది ఆయుర్వేదం, తింటున్నది ఆ కూడే, కాబట్టి కింది జవాబులు చదివి మన వైద్యాన్ని తక్కువ చేస్తున్నానని మాత్రం అనుకోకండి.

ప్రశ్న: మాది ఆర్మూరు దగ్గర పల్లె. మూడెకరాల్లో పసుపు వేస్తాం. నాకు మోకాళ్ల నొప్పులని మా అబ్బాయి హైదరాబాద్ నుంచి కర్క్యుమిన్ గుళికల సీసా తెచ్చాడు. ఇంట్లో బస్తాల కొద్దీ పసుపు పెట్టుకుని సీసా కొనుక్కోవడమేంటి? మన పసుపే పాలల్లో వేసుకుంటే చాలదా?

జవాబు: పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మీ ఇంట్లోనే నిజమైందని మీ బాధ. న్యాయమే. కానీ మీ బస్తాలో ఉన్నదీ ఆ సీసాలో ఉన్నదీ ఒకటే వస్తువు కాదండీ. మంచి పసుపులో మందులా పనిచేసే కర్క్యుమిన్ అనే పదార్థం సుమారు 3 శాతం ఉంటుంది, అంటే చిన్న చెంచాడు పసుపులో 90 మిల్లీగ్రాముల దాకా. గుళికలో 95 శాతం సారం 500 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో ఉన్న కర్క్యుమిన్ 475. లెక్క వేసుకోండి, ఒక్క గుళిక మింగితే ఐదు చెంచాల పసుపు మింగినట్టు.

అంత మింగినా ఒంటికి పట్టేది చాలా తక్కువ, ఎక్కువ భాగం వచ్చిన దారినే పోతుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపరిన్‌ను దీనికి తోడు చేసి చూస్తే రక్తంలోకి చేరే కర్క్యుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. అప్పటినుంచి సీసాల వాళ్లంతా మిరియాల సారం కలపడం మొదలుపెట్టారు. (మన చారులో పసుపు, మిరియాలు ఎప్పటినుంచో కలిసే మరుగుతున్నాయి, అది వేరే సంగతి.) చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఇలా ఒంటికి బాగా పట్టేలా చేసిన గుళికలు వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని 2019లో ఇటలీలో, ఆ తర్వాత అమెరికాలో కేసులు బయటపడ్డాయి. వాడినవాళ్ల లెక్కలో వీళ్లు కొద్దిమందే, చాలామంది గుళికలు ఆపాక కోలుకున్నారు. కూరలో పసుపు తిని ఇలా అయినవాళ్లను నేనైతే ఎరగను.

ఇక మీ మోకాళ్లు. కర్క్యుమిన్ సారంతో కీళ్ల అరుగుదల నొప్పి కొంత తగ్గుతుందని చిన్న చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి, పాలల్లో చిటికెడు పసుపుతో అంత ఫలితం ఆశించలేం. అబ్బాయి తెచ్చింది వాడాలనుకుంటే ముందు మూడు విషయాలు చూసుకోండి: రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, పిత్తాశయంలో రాళ్లున్నాయా, ఎప్పుడైనా కామెర్లు, కాలేయం జబ్బు వచ్చాయా. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వద్దు. వాడుతుండగా ఒళ్లు దురద, మూత్రం ముదురు రంగు, కళ్లు పచ్చబడటం లాంటివి కనిపిస్తే ఆ పూటే ఆపేసి కాలేయం పరీక్ష చేయించుకోండి. "పసుపే కదా" అని వారం ఆగొద్దు.

మీరు రైతు కాబట్టి ఒక మాట. కొనేవాళ్లు మరీ నిగనిగలాడే పచ్చటి రంగు అడుగుతారు, ఆ రంగు పిచ్చి వల్లే కొన్నిచోట్ల వ్యాపారులు లెడ్ క్రోమేట్ పూసి అమ్ముతూ పట్టుబడ్డారు, అది సీసం, పిల్లల మెదడుకు విషం. అందుకే పట్నంలో ఉన్న చుట్టాలకు పొడి కాకుండా ఉడికించి ఎండబెట్టిన కొమ్ములే పంపండి, వాళ్లే మర పట్టించుకుంటారు. పసుపు మనదని గుర్తు చేసుకోవడానికి మనకు ఒక తగాదా కూడా అవసరమైంది. 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రానికి గాయాలు మాన్పే పసుపు మీద పేటెంట్ ఇచ్చేశారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు పట్టుకుని పోరాడితే 1997లో రద్దయింది. మోకాలు దోక్కుపోతే పసుపు అద్దిన ప్రతి అమ్మమ్మా ఆ కేసులో సాక్షే అనిపిస్తుంది నాకు.

ప్రశ్న: తెనాలి నుంచి రాస్తున్నా. మనవడికి మూడో నెల. మా కాలంలో అందరికీ వస పోశాం, మాటలు త్వరగా వస్తాయని. కోడలు వద్దంటోంది, పిల్లల డాక్టరు కోప్పడ్డాడట. తరతరాలుగా పోసింది ఇప్పుడు విషమైపోయిందా?

జవాబు: అమ్మా, ఈసారికి కోడలి మాట వినండి. వసకొమ్మును దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతోనో తేనెతోనో అరగదీసి నాలుకకు రాయడం నాకూ తెలుసు, మా ఇంట్లోనూ రాశారు, నేను ఇంత వాగుడుకాయను కావడానికి అదే కారణమని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. గలగలా మాట్లాడేవాళ్లను వసపిట్ట అనడం మన భాషలోనే ఉంది. కానీ వసతో మాటలు త్వరగా వస్తాయని ఎవరూ రుజువు చేయలేదు.

మరోవైపు, మన దేశంలో దొరికే వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకలకు పెడితే గడ్డలు వచ్చాయని తేలాక 1968లోనే అమెరికాలో వసను తినే వస్తువుల్లో కలపకుండా నిషేధించారు. నాలుకకు ఒక్కసారి రాసినంత మాత్రాన గడ్డలు వస్తాయని భయపెట్టడం లేదు. సానరాయి మీద రెండు తిప్పులు తిప్పామా పది తిప్పామా అన్నదానికి కొలత లేదు, నాలుగు కిలోలో అయిదు కిలోలో ఉండే ఒంటికి ఆ తేడా చాలా పెద్దది, మోతాదు మించితే వాంతులు తప్పవు. తేనె సంగతి ఇంకా కచ్చితం. ఏడాది నిండని బిడ్డకు ఏ రూపంలోనూ తేనె నాకించకూడదు, అందులో ఉండగలిగే ఒక రకం సూక్ష్మజీవి పసివాళ్ల పేగుల్లో పెరిగి కండరాలు చచ్చుబడిపోయేలా చేస్తుంది. పెద్దవాళ్ల పేగులు దాన్ని తట్టుకుంటాయి, పసివాళ్లవి తట్టుకోలేవు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు.

ఇంట్లో ఉన్న వసకొమ్మును పారేయకండి. దాని వాసనకు పురుగు దరిచేరదు, తాళపత్రాల మధ్య వస పొడి మూటలు పెట్టే పద్ధతి దక్షిణాదిలో ఉంది. మనవడు రేపు చదవబోయే పుస్తకాల బీరువాలో ఒక ముక్క పడేయండి. మాటల కోసమంటారా, ఒళ్లో పడుకోబెట్టుకుని రోజూ కబుర్లు చెప్పండి, మీకు ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి షిఫ్టులు, టెన్షన్, నిద్ర లేదు. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. ఒక స్నేహితురాలు చెప్పిందని అశ్వగంధ మొదలుపెట్టి రెండు నెలలైంది. మొదట బాగానే ఉంది, ఇప్పుడు గుండె దడ, నిద్ర ఇంకా తగ్గింది. మానేయాలా?

జవాబు: మానేయండి, ఇవాళే. వారంలోపు థైరాయిడ్ పరీక్ష చేయించుకుని ఆ రిపోర్టుతో, అశ్వగంధ సీసాతో సహా మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీసా ఎందుకంటే, చాలామంది డాక్టరు దగ్గర మందుల పేర్లన్నీ చెప్పి దీన్ని మాత్రం చెప్పరు, ఇది మందు కాదనుకుంటారు.

అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్‌ను కొంత పెంచగలదు. మీరు బయటినుంచి మాత్ర రూపంలో ఆ హార్మోనే వేసుకుంటున్నారు. రెండూ కలిసి ఎక్కువైతే దడ, చెమటలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం వస్తాయి, అంటే నిద్ర కోసం వేసుకున్నదే నిద్ర తినేస్తోందన్నమాట. మీ విషయంలో ఇదే జరిగిందని ఉత్తరం చూసి తేల్చలేను, పరీక్ష చెబుతుంది. థైరాయిడ్ మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి.

అశ్వగంధ మంచిదే. మన అనంతపురం, కర్నూలు వైపు దీన్ని సాగు చేస్తారు, తెలుగులో పెన్నేరుగడ్డ, వేరు నలిపితే గుర్రం వాసన వస్తుందనే సంస్కృతంలో ఆ పేరు. ఒత్తిడి, నిద్ర మీద రెండు మూడు నెలల చిన్న అధ్యయనాల్లో కొంత మేలు కనిపించింది. కానీ ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో చూసినవి అరుదు. మేం రాసేటప్పుడు మనిషిని చూసి, జీర్ణశక్తి చూసి, పాలతోనో నెయ్యితోనో అనుపానం చెప్పి, ఇన్ని రోజులని గడువు పెట్టి రాస్తాం. సీసా మీద ఆ గడువు ఉండదు, అయిపోగానే ఇంకోటి కొనమనే ఉంటుంది. ఇంకో సంగతి, వాడాల్సింది వేరు. ఆకులు చవక కదా అని వాటి సారం కలిపేవాళ్లున్నారు, 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖే ఆకులు వాడొద్దని తయారీదారులకు చెప్పాల్సి వచ్చింది. 2023లో డెన్మార్క్ అశ్వగంధను ఏకంగా నిషేధించింది. నాకైతే అది అతి అనిపిస్తుంది, కానీ గర్భిణులు, కాలేయం జబ్బున్నవాళ్లు, థైరాయిడ్ మాత్రలూ నిద్రమాత్రలూ వేసుకునేవాళ్లు సొంతంగా దీని జోలికి పోకూడదన్నది అతి కాదు.

ప్రశ్న: షుగరుకు పొద్దున్నే దాల్చిన చెక్క నీళ్లు మంచివా, నానబెట్టిన మెంతులు మంచివా? (వరంగల్)

జవాబు: రెండింట్లో మెంతులు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మెంతుల మీద చాలా ఏళ్ల క్రితమే పనిచేసింది, అందులోని పీచు వల్ల భోజనం తర్వాత చక్కెర మెల్లగా పెరుగుతుంది. అయితే ఆ పరిశోధనల్లో వాడింది రోజుకు 25 గ్రాములు, ఆ పైన. మీరు నానబెట్టే చెంచాడు అయిదు గ్రాములు కూడా ఉండదు. ఇక్కడ కథ తిరగబడిందని చూడండి, గుళికల్లో ఎక్కువై ఇబ్బంది, గ్లాసులో తక్కువై ఫలితం లేదు. పెంచాలంటే కొద్దికొద్దిగా పెంచండి, కడుపుబ్బరం వస్తుంది, చక్కెర మరీ పడిపోకుండా చూసుకుంటూ ఉండండి, మాత్రలు ఆపొద్దు.

దాల్చిన చెక్క పేరుతో బజారులో దొరికేది చాలావరకు కాసియా అనే వేరే చెక్క, మందంగా గట్టిగా ఉంటుంది. అసలు దాల్చిన చెక్క పలచటి పొరలుగా చుట్టుకుని వేళ్లతో నలిపితే చిట్లుతుంది. కాసియాలో కాలేయానికి పడని కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాడు పొడి తాగేవాళ్లు కాలేయానికి సురక్షితమని యూరప్‌లో పెట్టిన హద్దు దాటిపోవచ్చు. బిర్యానీలో వేసే ముక్కకు ఈ భయం లేదు, తినండి. షుగరుంది కాబట్టి బిర్యానీ ఎంత తినాలో అది మీ డాక్టరు చెబుతారు.

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు, షుగరుంది. చ్యవనప్రాశ రోజూ రెండు చెంచాలు, అరగడానికి అరిష్టం ఒక మూత. పర్వాలేదా? (రాజమండ్రి)

జవాబు: లేహ్యం అంటేనే పాకం. చాలా బ్రాండ్లలో దాదాపు సగం చక్కెరే, రెండు చెంచాలు తింటే ఒక చెంచా పంచదార తిన్నట్టు. ఉసిరికాయ కోసమే అయితే ఉసిరికాయే పెట్టండి, పచ్చడి రూపంలో వద్దు, ఉప్పు. అరిష్టాలు పులియబెట్టి చేసేవి, సీసా మీదే చూడండి, 5 నుంచి 10 శాతం సారాయి తనంతట తనే పుడుతుంది. మూతెడుతో మత్తెక్కదు గానీ ఆయన వేసుకునే షుగరు మాత్రలతో, నిద్రమాత్రలతో కలిస్తే బాగుండదు. నాన్నగారు జీవితంలో చుక్క ముట్టనివారైతే ఈ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ప్రశ్న: కరోనా రోజుల్లో పెరట్లో వేపచెట్టు మీదికి తిప్పతీగ పాకించాం. అప్పటినుంచి ఇంటిల్లిపాదీ రోజూ కషాయం తాగుతున్నాం. ఆపనక్కర్లేదు కదా? (కాకినాడ)

జవాబు: జ్వరం వచ్చినప్పుడు తాగే కషాయాన్ని కాఫీ చేసేశారు మీరు. తిప్పతీగ నేనూ రాస్తాను, జ్వరానికి, అదీ కొద్ది రోజులకు. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం వాపు చూశామని రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చని, మొక్కను సరిగ్గా గుర్తించలేదని జవాబిచ్చింది. ఆ వాదన ఎటు తేలినా మీకు నాకు అందేది ఒకటే, పెరట్లో పాకింది ఏ తీగో చూపించుకోవాలి, ఆరోగ్యంగా ఉన్న మనిషి దాన్ని ఏళ్ల తరబడి తాగనక్కర్లేదు. రోగనిరోధక శక్తి పెంచుతుంది అన్న మాట వినగానే మనకు అది ఎంత పెరిగితే అంత మంచిదనిపిస్తుంది గానీ, కీళ్లవాతం, సోరియాసిస్ లాంటి జబ్బుల్లో ఒంట్లోని ఆ శక్తే మన మీద తిరగబడుతుంది, వాళ్లు దీనికి దూరంగా ఉండాలి. ఇన్నాళ్లు తాగారు కాబట్టి ఒకసారి కాలేయం పరీక్ష చేయించుకుంటే నష్టం లేదు. తీగను పీకేయకండి, పాపం అదేం చేసింది.

ప్రశ్న: అతిమధురం చప్పరిస్తే గొంతు బాగుంటుందని పాడేవాళ్లు చెబుతారు. రోజూ వాడొచ్చా? (బందరు)

జవాబు: కచేరీ రోజున చిన్న ముక్క చప్పరించండి. రోజూ వద్దు. కాళ్లు వాచి, బీపీ ఎప్పుడూ లేనంత పెరిగి ఒక హరికథ చెప్పే ఆవిడ నా దగ్గరికి వచ్చారు, పరీక్షల్లో పొటాషియం బాగా తగ్గింది. అరగంట మాట్లాడాక గానీ బయటపడలేదు, చీర కొంగున అతిమధురం ముక్కలు ముడేసుకుని రోజంతా నములుతున్నారు. మానేశాక కొన్ని వారాలకు సర్దుకుంది. బీపీ ఉన్నవాళ్లు, మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వేసుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క కూడా అడిగి వాడాలి.

ప్రశ్న: ఆయుర్వేద ఉత్పత్తి అసలుదో కాదో లేబుల్ చూసి ఎలా తెలుసుకోవాలి? (కరీంనగర్)

జవాబు: ముందు అది మందో ఆహారమో చూడండి. మందైతే ఆయుర్వేదిక్ మెడిసిన్ అని, రాష్ట్ర లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ, ఏ మూలిక ఎంత కలిపారో ఉంటాయి. ఆహారమైతే ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటుంది. రెండూ లేకపోతే పెట్టేసి వచ్చేయండి. "వైద్య పర్యవేక్షణలో వాడాలి" అన్న హెచ్చరిక ఉంటే లోపల విషద్రవ్యాల జాబితాలోని మూలికో లోహమో ఉందని అర్థం, అలాంటివి కొట్లో అడిగి కొనుక్కునేవి కావు. లోహాల మాట ఎందుకంటున్నానంటే, 2004లో బోస్టన్‌లో దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద ఉత్పత్తులు పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది.

షుగరును శాశ్వతంగా నయం చేస్తాం అని ప్రకటన కనిపిస్తే ఇంక లేబుల్ చూడక్కర్లేదు. 1954 నాటి చట్టం ప్రకారం అలా ప్రకటించడమే నేరం. "సైడ్ ఎఫెక్ట్స్ లేవు" అన్నా నేను నమ్మను, పనిచేసే ఏ వస్తువుకైనా ఎక్కడో ఒకచోట ఎదురుదెబ్బ ఉంటుంది.

విడిగా కొనేటప్పుడు పొడులు కాకుండా కరక్కాయ, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు గింజగా కొమ్ముగా కొనండి, పుచ్చు కనిపిస్తుంది, కల్తీ కనిపిస్తుంది. మిరియాలు గ్లాసు నీళ్లలో వేస్తే మునుగుతాయి, బొప్పాయి గింజలు తేలతాయి.

ప్రశ్న: అమ్మాయికి డల్లాస్‌లో వచ్చే నెల పురుడు. బాలింతకు పెట్టే కాయం పొడి, శొంఠి, వాము, పసిబిడ్డకు గోరోజనం, కస్తూరి మాత్రలు, ఇంగువ సర్దుకున్నాను. ఏవి తీసుకెళ్లొచ్చు? (నెల్లూరు)

జవాబు: గోరోజనం, కస్తూరి మాత్రలు బయటికి తీయండి. జంతువుల నుంచి వచ్చే వస్తువులు, అక్కడి కస్టమ్స్ వాళ్లతో పేచీ, పైగా బిడ్డకు అక్కర్లేదు. మిగతావి దుకాణం ప్యాకింగ్‌తో, పేరు కనిపించేలా పెట్టుకుని, ఫారంలో రాసి చూపించండి. ఇంట్లో కొట్టిన పొడిని పేరు లేని కవర్లో తీసుకెళ్తే అది ఏమిటో వాళ్లకెలా తెలుస్తుంది? 350 మిల్లీలీటర్లకు మించిన పొడులు చేతి సంచిలో ఉంటే తనిఖీ ఎక్కువ, అందుకని పెద్ద పెట్టెలో వేయండి.

కాయం అమ్మాయికి రోజూ చిన్న ఉండ పెట్టండి, అన్నంలో నెయ్యితో బాగుంటుంది. కారం ఎక్కువై కడుపులో మంటంటే మానేయండి, పంతం పట్టొద్దు. బీపీ, షుగరు ఉంటే అందులోని బెల్లం సంగతి అక్కడి డాక్టరుతో మాట్లాడండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదన్న పాత పట్టింపును నెల్లూరులోనే వదిలేసి వెళ్లండి. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లు కావాలి, వాము వేసి కాచినవైనా సరే, ఉత్తవైనా సరే. ఇంగువ డబ్బాకు మూత మీద టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, అమ్మాయి కోసం కొన్న పట్టుచీరలకు దూరంగా సర్దండి.